అలెగ్జాండ్రియాను రెండు రోజుల్లో చూడటం ఎలా

ఈజిప్టు వెళ్లే మనవాళ్లలో చాలామంది కైరో, పిరమిడ్లు, లక్సర్ చూసుకుని తిరిగొచ్చేస్తారు. అలెగ్జాండ్రియాకు మహా అయితే ఒక పగలు ఇస్తారు. టూర్ బస్సు పొద్దున్నే కైరోలో ఎక్కించుకుని, నాలుగు చోట్ల ఫొటోలకు దింపి, రాత్రికి మళ్లీ కైరోలో వదిలేస్తుంది. అలా వెళ్లొచ్చినవాళ్లు "అక్కడ పెద్దగా ఏమీ లేదండీ" అంటుంటే నాకు బాధేస్తుంది. పాత అలెగ్జాండ్రియా సగం సముద్రంలో ఉంది, సగం ఇళ్ల కింద ఉంది. ఎక్కడ నిలబడి ఏ వైపు చూడాలో తెలియకపోతే నిజంగానే ఏమీ కనిపించదు. తెలిస్తే మాత్రం రెండు రోజులు కూడా చాలవు. ఒక రాత్రయినా అక్కడ ఉండేలా ప్లాన్ చేసుకోండి. మిగతాది వరసగా చెబుతాను.

బయల్దేరే ముందు: మ్యాప్ ముందేసుకోండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఊరి ఆకారం చూడండి. ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన మర్యూత్ సరస్సు, రెండింటి మధ్య పొడుగ్గా సాగిన ఊరు. ఒడ్డు నుంచి సముద్రంలోకి ఒక మెడలాంటి నేల పొడుచుకువచ్చి, చివర రెండు పక్కలకీ విచ్చుకుని ఉంటుంది. ఊరి చరిత్ర అంతా ఆ మెడ దగ్గరే మొదలైంది.

క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ వచ్చేసరికి అక్కడున్నది రాకోటిస్ అనే చిన్న ఊరు. ఎదురుగా సముద్రంలో ఫారోస్ అనే దీవి. దీవి అలల్ని ఆపుతుంది, వెనకనున్న సరస్సుకు నైలు నుంచి నీళ్లొస్తాయి. రేవు పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? రోడ్స్‌కు చెందిన డినోక్రటిస్ ప్లాన్ గీశాడు. నేల మీద గీతలు గియ్యడానికి సున్నం చాలక బార్లీ పిండి చల్లారనీ, పక్షులు గుంపులుగా వచ్చి ఆ పిండిని తినేశాయనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అలెగ్జాండర్ అది అపశకునమని కంగారుపడితే, ఈ ఊరు ఎన్నో దేశాలవాళ్లకు అన్నం పెడుతుందని జ్యోతిష్కులు ధైర్యం చెప్పారట. ఊరు లేవడం అతను చూడనేలేదు. ఎనిమిదేళ్ల తర్వాత బాబిలోన్‌లో చనిపోయాడు. కట్టించి, రాజధాని చేసుకున్నవాళ్లు టోలెమీ వంశం రాజులు.

వాళ్లు ఒడ్డునీ ఫారోస్ దీవినీ కలుపుతూ సుమారు 1.2 కిలోమీటర్ల కట్ట కట్టారు. దాంతో ఒక రేవు రెండయింది, తూర్పున ఒకటి, పడమర ఒకటి. కాలక్రమంలో కట్టకు రెండు వైపులా ఇసుక మేటవేసి వెడల్పాటి నేల అయింది. ఇవాళ మన్షియా నుంచి అన్ఫూషీ వైపు బజార్లూ అపార్ట్‌మెంట్లూ ఉన్న చోటంతా అదే. రెండో రోజు మీరు దాని మీదే నడుస్తారు.

సరుకు రవాణాలో సముద్రం వైపు రేవుల కంటే సరస్సు వైపు రేవే సంపన్నమైనదని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. కారణం మనకూ సంబంధించినదే. మన దేశం నుంచి బయల్దేరిన మిరియాలు, సన్నని బట్టలు ఎర్రసముద్రం రేవుల్లో దిగి, ఒంటెల మీద ఎడారి దాటి కోప్టోస్ దగ్గర నైలు పడవలు ఎక్కి, కాలవల మీదుగా ఈ సరస్సు చేరేవి. ఇక్కడి నుంచి రోమ్‌కు. ఆ రోజుల్లో మ్యోస్ హోర్మోస్ రేవు నుంచి ఏడాదికి 120 ఓడలు భారతదేశానికి వెళ్లేవని చెప్పిందీ స్ట్రాబోనే.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

అక్టోబరు, నవంబరు మంచివి. మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటాయి, కాకపోతే అప్పుడప్పుడు ఎడారి నుంచి ఇసుకగాలి కొడుతుంది. జులై, ఆగస్టుల్లో కైరో జనమంతా ఎండ తప్పించుకోవడానికి ఇక్కడికే వస్తారు, రూమ్ దొరకడం కష్టం. డిసెంబరు, జనవరిల్లో తుపానుగాలులు, వర్షం ఉంటాయి. ఈజిప్టులో వాన ఏమిటని జాకెట్ మానేయకండి.

హైదరాబాద్ నుంచి కైరోకు గల్ఫ్ మీదుగా ఒక స్టాప్‌తో వెళ్లొచ్చు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లకైతే ఇది లాంగ్ వీకెండ్ ట్రిప్పే. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్లకంటే ముందు ఈజిప్టు ఎంబసీ తాజాగా ఏం చెబుతోందో చూసుకోండి.

కైరో రామ్సిస్ స్టేషన్ నుంచి రైలే మేలు. రెండున్నర, మూడు గంటల ప్రయాణం, దారంతా నైలు డెల్టా పొలాలు. గోదావరి జిల్లాలవాళ్లు కిటికీ సీటు అస్సలు వదులుకోకండి. అలెగ్జాండ్రియాలో మొదట సీదీ గాబర్ స్టేషన్ వస్తుంది. అక్కడ సగం బోగీ దిగిపోయినా మీరు కూర్చోండి, చిట్టచివరి స్టేషన్ మహత్తత్ మస్ర్‌లో దిగండి. చూడాల్సినవి చాలావరకు దానికే దగ్గర.

రైల్లో కూర్చుని ఒక పని చేయండి. అరబిక్ అంకెలు పది నేర్చుకోండి. బోగీ నంబర్లు, కూరగాయల బండి మీద ధరలు, కార్ల నంబర్లు అన్నీ వాటిలోనే ఉంటాయి. వాళ్ల అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఒట్టి చుక్క, ఆరేమో మనం రాసే 7లా ఉంటుంది. ఈ మూడూ తికమకపెట్టకుండా ఉంటే సగం టెన్షన్ పోయినట్టే.

హోటల్ రమ్ల్ స్టేషన్, సాద్ జగ్లూల్ స్క్వేర్ దగ్గర తీసుకోండి. కార్నీష్ అని పిలిచే బీచ్ రోడ్డు పక్కనే ఉంటుంది. ఇప్పుడు లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఉన్న రెండు పెద్ద ఏకశిలా స్తంభాలు, క్లియోపాత్రా సూదులంటారే, అవి 19వ శతాబ్దం దాకా ఈ దగ్గరలోనే ఉండేవి. ఊళ్లో తిరగడానికి యాప్ ట్యాక్సీలు సుఖం, బేరం ఉండదు. ట్రామ్ సరదాగా ఉంటుంది కానీ మార్గాల ఆధునీకరణ పేరుతో ఆపుతుంటారు. నడుస్తోందో లేదో హోటల్లో అడగండి.

మొదటి రోజు పొద్దున: నేల కిందికి దిగండి

కోమ్ అల్ షుకాఫా సమాధులతో మొదలుపెట్టండి. టూర్ బస్సులు కైరో నుంచి వచ్చేలోపు మీరు లోపల ఉండాలి, అందుకే తెరిచిన వెంటనే వెళ్లమంటున్నాను. 1900లో ఒక గాడిద నేల కుంగి లోపల పడిపోతే ఈ చోటు బయటపడిందని చెబుతారు. బండను తొలిచి, గుండ్రంగా తిరిగే మెట్లతో మూడు అంతస్తుల లోతుకు దిగిన ఈ సమాధులు క్రీ.శ. 2వ శతాబ్దంలో మొదలయ్యాయి. మెట్లు 99. లోపల చెమ్మ, ఉక్క. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే నెమ్మదిగా దింపండి.

మెట్లు దిగగానే మూడు వైపులా రాతి అరుగులున్న గది వస్తుంది. చనిపోయినవాళ్ల కుటుంబం దిండ్లు వేసుకుని ఆ అరుగుల మీద వాలి భోజనం చేసేది. మన తద్దినం భోజనాల్లాగే, పోయినవాళ్లను తలుచుకుంటూ అందరూ కలిసి తినడం. తెచ్చుకున్న కుండలూ గిన్నెలూ ఇంటికి పట్టుకెళ్లకుండా అక్కడే పగలగొట్టేసేవారు. పైన ఆ పెంకులు గుట్టలుగా పేరుకున్నాయి.

అసలు చూడాల్సింది ఇంకో అంతస్తు కింద ఉన్న ప్రధాన సమాధి. హడావిడి పడకండి, వాకిలి దగ్గర పది నిమిషాలు నిలబడండి. రెండు పక్కలా గడ్డాలున్న పాములు చెక్కారు. వాటి తలల మీద ఈజిప్టు రాజుల జోడు కిరీటం. వాటి చుట్టల పక్కన గ్రీకు దేవుళ్లు డయోనిసస్, హెర్మీస్‌ల దండాలు. పైన డాలు మీద గ్రీకు కథల్లోని పాముల జుట్టు మెడూసా ముఖం. లోపలికి తొంగిచూసి వెనక్కి తిరిగితే, గుమ్మానికి ఇటూ అటూ అనుబిస్. ఈజిప్టువాళ్ల నక్క తల దేవుడు. వేసుకున్నది మాత్రం రోమన్ సైనికుడి కవచం, నడుముకు కత్తి. గూట్లో ఉన్న స్త్రీ పురుష విగ్రహాల ఒళ్లు ఈజిప్టు శిల్పాల్లా బిగుసుకుని ఉంటుంది, ముఖాలు మాత్రం రోమన్ ముఖాలు. ఊరంతా తిరిగినా, మూడు జాతులు ఒకే గోడ మీద ఇంత చక్కగా సర్దుకుపోయిన చోటు నాకైతే ఇంకొకటి తోచదు.

బయటికొచ్చి సందుల్లోంచి పది నిమిషాలు నడిస్తే పాంపే స్తంభం. పేరు రోమన్ సేనాని పాంపేది కానీ అతనికీ దానికీ సంబంధం లేదు. ఊళ్లో తిరుగుబాటును అణచిన డయోక్లెటియన్ చక్రవర్తి గౌరవార్థం క్రీ.శ. 300 ప్రాంతంలో నిలబెట్టారు. మొత్తం ఎత్తు 27 మీటర్ల దాకా ఉంటుంది, అందులో 20 మీటర్లకు పైగా ఒకే రాయి. ఆ ఎర్ర గ్రానైట్ దక్షిణ ఈజిప్టులోని అస్వాన్ నుంచి నైలు మీద వచ్చింది. మొదలు దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తేనే దాని సైజు తెలుస్తుంది, ఫొటోలో తెలియదు. చాలామంది ఆ ఒక్క ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం పక్కనే ఉన్న సొరంగాల్లోకి దిగండి. గోడల్లో వరసగా గూళ్లు కనిపిస్తాయి. సెరాపిస్ దేవుడి గుడి ఇక్కడే ఉండేది. గ్రీకులూ ఈజిప్షియన్లూ కలిసి మొక్కడానికి టోలెమీ 1 పెంచి పోషించిన దేవుడు సెరాపిస్. అలెగ్జాండ్రియాకు పేరు తెచ్చిన పెద్ద గ్రంథాలయానికి అనుబంధంగా ఒక చిన్న గ్రంథాలయం కూడా ఈ గుడిలోనే నడిచింది. క్రీ.శ. 391లో గుడిని కూల్చేశారు.

మొదటి రోజు మధ్యాహ్నం

ట్యాక్సీలో కోమ్ అల్ దిక్కాకు రండి, మహత్తత్ మస్ర్ స్టేషన్‌కు ఎదురుగానే. 1960లో పోలండ్ పురావస్తు బృందం మొదలుపెట్టిన తవ్వకాల్లో తెల్ల పాలరాతి వరసల రోమన్ థియేటర్ బయటపడింది. కింద మధ్యలో ఒక చోట నిలబడి మాట్లాడితే మీ గొంతు మీకే గట్టిగా వినిపిస్తుంది, ప్రయత్నించండి. దానికంటే విలువైనవి దాని పక్కనే ఉన్న తరగతి గదులు. 5వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం మధ్యవి, ఇరవై దాకా ఉన్నాయి. గుర్రపు నాడా ఆకారంలో రాతి బెంచీలు, ఆ చివర ఎత్తుగా గురువు కూర్చునే పీట, మధ్యలో విద్యార్థి నిలబడి పాఠం అప్పజెప్పడానికి చిన్న రాయి. ప్రాచీన ప్రపంచంలో ఇన్ని తరగతి గదులు ఒకే చోట దొరకడం మామూలు విషయం కాదు. టికెట్ కౌంటర్లో పక్షుల మొజాయిక్ (రంగురాళ్లు పొదిగిన బొమ్మ) ఉన్న ఇంటికి కూడా టికెట్ అడిగి తీసుకోండి. ఆవరణలో ఆరుబయట పెట్టిన రాళ్లలో తూర్పు రేవు నీళ్లలోంచి తీసినవి కూడా ఉన్నాయి.

అక్కడి నుంచి నడక దూరంలో గ్రీకో-రోమన్ మ్యూజియం. 1892లో మొదలైంది, 2005లో మూసేసి 2023లో మళ్లీ తెరిచారు. పొద్దున చూసిన సెరాపిస్ గుడిలో దొరికిన నల్లరాతి ఎద్దు ఇక్కడుంది, హాడ్రియన్ చక్రవర్తి కాలంనాటిది. అందుకే మ్యూజియాన్ని పొద్దున పెట్టుకోకండి. స్థలాలు చూశాక వస్తువులు చూస్తే ప్రతిదీ ఎక్కడిదో తెలుస్తుంది.

సాయంత్రం ఫువాద్ వీధిలో ఊరికే నడవండి. పేరు మారింది గానీ, ప్రాచీన నగరాన్ని తూర్పు పడమరలుగా చీల్చిన కానోపిక్ రాజవీధి దారి ఇదే.

తిండి

శాకాహారులకు ఇబ్బందేమీ లేదు. కుషరీ అడగండి. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు కలిపి, పైన టమాటా సాస్, కరకరలాడే ఉల్లిపాయలు వేసిస్తారు. చప్పగా అనిపిస్తే టేబుల్ మీద రెండు సీసాలుంటాయి. ఎర్రటిది షత్తా, కారం. రెండోది దక్కా, వెల్లుల్లి, వెనిగర్‌తో చేసింది. షత్తా కొద్దికొద్దిగా వేసుకోండి, మన కారానికి తీసిపోదు. పొద్దున టిఫిన్‌కు ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజలు), తామియా (ఆ గింజలు రుబ్బి వేయించిన గారెలు). మాంసం తినేవాళ్లు పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో వేయించిన ఇక్కడి లివర్ సాండ్‌విచ్ తప్పకుండా తినాలి, మన నోటికి బాగా పడుతుంది. చేపల సంగతి రెండో రోజుకు.

రెండో రోజు పొద్దున: గ్రంథాలయం

బిబ్లియోథెకా అలెగ్జాండ్రీనా 2002లో తెరిచిన కొత్త భవనం. 160 మీటర్ల వ్యాసమున్న పళ్లెం సముద్రం వైపు వాలినట్టుంటుంది. వెనక అస్వాన్ గ్రానైట్ గోడ మీద 120 లిపుల అక్షరాలు చెక్కారు. ముందు ఆ గోడ పొడవునా ఒకసారి నడవండి. శుక్రవారం టైమింగ్స్ వేరుగా ఉంటాయి, ముందే చూసుకోండి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

పాత గ్రంథాలయం సరిగ్గా ఎక్కడుండేదో ఆనవాళ్లు దొరకలేదు, ఈ చుట్టుపక్కల రాజుల కోటల దగ్గరే ఉండేది. రేవుకు వచ్చిన ఓడల్లో పుస్తకాలుంటే తీసుకుని, నకలు రాసి, అసలును ఉంచుకుని నకలును తిరిగిచ్చేవారని రోమన్ కాలపు వైద్యుడు గాలెన్ రాశాడు. అది ఒక్క రాత్రిలో తగలబడిపోయిందనే కథ గైడ్లు చెబుతారు, నమ్మకండి. క్రీ.పూ. 48లో సీజర్ పెట్టిన నిప్పు, తర్వాతి రాజుల నిర్లక్ష్యం, క్రీ.శ. 270ల్లో రాజప్రాసాదాల పేట నాశనం, ఇలా శతాబ్దాల పాటు కొద్దికొద్దిగా పోయింది. 415లో మూక చేతిలో హతమైన గణిత పండితురాలు హైపేషియా నాటికి ఆ వైభవం గతించిపోయింది. అరబ్బులు 640ల్లో వచ్చి తగలబెట్టారన్నది ఎన్నో వందల ఏళ్ల తర్వాత పుట్టిన కథ, చరిత్రకారులు ఒప్పుకోరు.

ఈ ఊళ్లో కూర్చుని గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. ఎండాకాలం అయనాంతం రోజు మిట్టమధ్యాహ్నం అస్వాన్‌లో నీడ పడదు, అలెగ్జాండ్రియాలో పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. అయితే రెండు ఊళ్ల దూరాన్ని యాభైతో హెచ్చవేస్తే సరి.

క్రీ.శ. 2వ శతాబ్దంలో ఇక్కడే ఉన్న ఖగోళ పండితుడు టోలెమీ (పేరు అదే కానీ రాజు కాదు) తన భూగోళ గ్రంథంలో మైసోలియా అనే తీరాన్నీ, అక్కడి కొంటకొసీల అనే రేవునీ నమోదు చేశాడు. మైసోలియా మన కృష్ణా తీరం, కొంటకొసీల ఘంటసాల. ఓడ ఎక్కకుండానే, నావికుల్ని అడిగి రాసుకున్న వివరాలు. ఈ పరిచయం అంతకు నాలుగొందల ఏళ్ల కిందటిది. అశోకుడి పదమూడో శాసనంలో తురమాయ అనే పేరుతో వచ్చే రాజు అలెగ్జాండ్రియాను ఏలిన టోలెమీ 2. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ చెక్కిన చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని రీడింగ్ హాల్లోకి వెళ్లండి.

లోపలి పురావస్తు మ్యూజియంలో కుక్క మొజాయిక్ వదలొద్దు. ఈ భవనం పునాదులు తవ్వుతుంటే 1993లో దొరికింది. మెడకు ఎర్ర పట్టీ ఉన్న కుక్క, పక్కన పడేసిన కంచు పాత్ర. ఏదో తప్పు చేసి యజమాని వైపు చూస్తున్నట్టు ఉంటుంది. రాళ్లు ఎంత చిన్నవంటే, రెండడుగులు వెనక్కి వస్తే రంగు వేసిన బొమ్మ అనిపిస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం: కట్ట మీద నడక

మన్షియా స్క్వేర్‌లో 19వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన మహమ్మద్ అలీ పాషా గుర్రపు విగ్రహం దగ్గర మొదలుపెట్టండి. 1956 జులై 26న అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలవను జాతీయం చేస్తున్నట్టు ప్రకటించింది ఈ స్క్వేర్‌లోనే. ఇక్కడి నుంచి ఉత్తరానికి నడుస్తుంటే కాళ్ల కింద ఉన్నది ఆ పాత కట్ట. కుడివైపు సందు చివర తూర్పు రేవు, చేపల పడవలు. ఎడమవైపు పడమటి రేవు, ఇప్పటికీ పెద్ద ఓడలు దిగేది అక్కడే.

దారిలో అబుల్ అబ్బాస్ అల్ ముర్సీ మసీదు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ముర్సియా నుంచి వచ్చిన సూఫీ గురువు సమాధి ఇక్కడుంది. ఇప్పటి కట్టడం 20వ శతాబ్దానిది, గీసింది మారియో రోసీ అనే ఇటాలియన్. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, ఆడవాళ్లకు చున్నీ కావాలి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు.

అన్ఫూషీలో భోజనం. చేపల్ని ఐసు మీద పరిచి ఉంచుతారు. మీరు చూపిస్తే తూచి, వండి తెస్తారు. తూచకముందే కిలో ధర అడగండి, వండే కూలి అందులో కలిసిందో లేదో కూడా. తవుడు పట్టించి కాల్చే పద్ధతి ఇక్కడి ప్రత్యేకం, "రద్దా" అనండి చాలు.

కాయిత్‌బే కోటకు మూడు గంటలకల్లా చేరండి, సాయంత్రం త్వరగా మూసేస్తారు. ప్రపంచ ఏడు వింతల్లో ఒకటైన ఫారోస్ దీపస్తంభం నిలబడింది ఇదే చోట. క్రీ.పూ. 280 ప్రాంతంలో పూర్తయింది, ఎత్తు వంద మీటర్లకు పైమాటే. కింద చతురస్రం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. పదహారు వందల ఏళ్లపాటు వరస భూకంపాలకు కొద్దికొద్దిగా విరుగుతూ వచ్చింది. 1303 భూకంపం బాగా దెబ్బతీసింది. 1326లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసినప్పుడు ఒక పక్క కూలి ఉంది, 1349లో మళ్లీ వస్తే లోపలికి వెళ్లే వీలే లేదు. 1477లో సుల్తాన్ కాయిత్‌బే ఆ స్థలంలోనే ఈ కోట మొదలుపెట్టాడు. గోడల్లో ఎర్ర గ్రానైట్ స్తంభాల ముక్కలు వెతకండి, దీపస్తంభానివే అంటారు.

కోట చూశాక గోడ వెంబడి సముద్రం వైపు నిలబడండి. మీ ఎదురుగా నీళ్ల కింద దీపస్తంభం రాళ్లు, విగ్రహాలు వేలల్లో ఉన్నాయి. 1994లో ఫ్రెంచ్ పురావస్తు నిపుణుడు జాన్-ఈవ్ ఆంపరర్ బృందం మునిగి వాటిని గుర్తించింది. 2025లో 22 పెద్ద రాళ్లను పైకి తీశారు. ఇప్పుడు తూర్పు రేవు వైపు తిరగండి. అర్ధచంద్రంలా వంగిన ఆ నీళ్ల అడుగున క్లియోపాత్రా కాలంనాటి రాజుల పేట ఉంది. క్రీ.శ. 365 నాటి సునామీ, ఆ తర్వాతి భూకంపాలు, కుంగిపోయిన నేల కలిసి దాన్ని ముంచేశాయి. ఇక్కడ నిలబడితేనే ఊరి ప్లాన్ మొత్తం ఒక్కసారిగా అర్థమవుతుంది, అందుకే ఇది ఆఖర్లో పెట్టాను. ఒడ్డున పేర్చిన కాంక్రీటు దిమ్మెలు కోటను అలల నుంచి కాపాడటానికి. సముద్రమట్టం పెరిగితే ముందుగా ప్రమాదంలో పడే నగరాల్లో ఇది ఒకటి.

కొన్ని జాగ్రత్తలు

చాలా చోట్ల టికెట్లకు కార్డు మాత్రమే తీసుకుంటారు, పని చేసే ఇంటర్నేషనల్ కార్డు ఉంచుకోండి. గుర్రపు బండి ఎక్కితే ఎంతసేపు, ఎంత డబ్బు, మొత్తానికా మనిషికా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. అడగకుండా దారి చూపించేవాళ్లకు "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ చెప్పి నడిచిపోండి. కార్నీష్ దాటడం ఒక్కటే నిజంగా భయపెట్టే పని. అండర్‌పాస్ దొరికితే వాడండి, లేకపోతే స్థానికుల పక్కన నిలబడి వాళ్లతోపాటే దాటండి.

మూడో రోజు ఉంటే

తూర్పున 65 కిలోమీటర్ల దూరంలో రషీద్ ఉంది. ప్రాచీన ఈజిప్టు లిపి చదవడానికి దారి చూపిన రోసెట్టా శిల 1799లో దొరికిన ఊరు. ఇటుకల ఇళ్లు బాగుంటాయి, శిల మాత్రం లండన్‌లో ఉంది. నా ఓటు పడమటి వైపున్న అల్ అలమేన్‌కు, వంద కిలోమీటర్లు దాటుతుంది. 1942 యుద్ధంలో చనిపోయినవాళ్ల కామన్‌వెల్త్ శ్మశానం అక్కడుంది. భారత సైన్యం డివిజన్లూ ఆ ఎడారిలో పోరాడాయి, స్మారకం గోడల మీద మన సైనికుల పేర్లు కనిపిస్తాయి. బస్సులు నమ్ముకోకుండా హోటల్ ద్వారా రోజంతటికీ కారు మాట్లాడుకోండి. సామాను డిక్కీలో వేసుకుంటే అటునుంచి అటే కైరో వెళ్లిపోవచ్చు, మళ్లీ వెనక్కి రానక్కర్లేదు.